దుబాయ్ తొవ్వ పట్టిన బొడ్రాయి

శుక్రవారం జుమ్మా నమాజు ముగించుకుని తోటలోకి వచ్చిన అర్బాబ్ కుడికాలి బొటనవేలు ఒక రాయికి కొట్టుకుని గోరు సగం లేచింది. అర్బాబ్ అంటే ఆ ఖర్జూర తోట యజమాని. అబూధాబీ ఎడారిలోని అల్ ఐన్‌లోనే పుట్టి, ఆ చెట్ల కిందే పెరిగి, ఆ దారిన కళ్లు మూసుకుని నడవగల మనిషి. గేటు నుంచి నీటికాలువ దాకా మెత్తని మట్టి తప్ప అడ్డం వచ్చేదేదీ లేదని ఆయన కాళ్లకు తెలుసు. కిందటి సాయంత్రం దారికి సరిగ్గా నడిమధ్యన జానెడెత్తు రాయి ఒకటి మొలిచిందన్న సంగతి మాత్రం ఆ కాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఆయన ఒంటికాలి మీద గంతులు వేసి, దగ్గరున్న ఖర్జూరపు చెట్టును కావలించుకున్నాడు. అది కావలించుకోదగ్గ చెట్టు కాదు గనుక వెంటనే వదిలేసి, "షూ హాదా?" అన్నాడు. ఏమిటిది అని.

జవాబు చెప్పాల్సినవాడు హన్మాండ్లు. తోటలో నీళ్లు పారించే పని అతనిది, రాయి పాతిన పనీ అతనిదే. పక్కన అతని బామ్మర్ది లచ్చన్న ఉన్నాడు గాని, చేతులు కట్టుకుని, ఇప్పుడు చెప్పు చూద్దాం అన్నట్టు నిలబడ్డాడు. ముగ్గురిలో పెద్దవాడైన పోచన్న కాక గబగబా గిన్నె తోమడం మొదలుపెట్టాడు. ఆయన చేతిలో గిన్నె లేదు.

పికప్ డ్రైవరు అమీర్ జాన్ ఆదుకున్నాడు. పెషావర్ పఠాను, అరబ్బీ వచ్చినవాడు. "అరే హన్మాండ్లూ, క్యా బోలూఁ ఇస్‌కో?" అన్నాడు.

"ఊరి నడుమ పాతిన రాయి అని చెప్పు భాయ్."

అమీర్ జాన్ చుట్టూ చూశాడు. ఖర్జూరపు చెట్లు, పశువుల గడ్డి మడి, డీజిల్ పంపు, రేకుల గది. "కౌన్సా గావ్?" అని తనలో తాను గొణుక్కుని, అర్బాబ్ వైపు తిరిగి, ఒంటెను కట్టేయడానికి పాతారట అని చెప్పేశాడు.

అర్బాబ్ మొహంలో నొప్పి పోయి వెలుగు వచ్చింది. కొడుకులందరూ కార్లు కొని, ఇంకా ఈ ఒంటె ఎందుకు నాన్నా అని సతాయిస్తున్న రోజులవి. ముసలి ఒంటె సౌఖ్యం గురించి ఆలోచించేవాళ్లు ఈ లోకంలో ఈ ఇండియావాళ్లే మిగిలారని ఆయనకు గుండె నిండింది. "జైన్, జైన్," అని, బాగుంది అన్నట్టు హన్మాండ్లు భుజం తట్టి, కుంటుకుంటూ తానే పోయి ఒంటెను తోలుకొచ్చి రాయికి కట్టేశాడు.

ఆ విధంగా ఊరు పుట్టిన రెండోనాడే బొడ్రాయికి ఒంటె దక్కింది.

బొడ్రాయి అంటే ఊరి బొడ్డు. హన్మాండ్లు వాళ్ల దిక్కున ఊరు నిలవాలంటే ఊరి నడుమ రాయి నిలవాలి. కింద నవధాన్యాలు, రాగిబిళ్ల వేసి, పైన పసుపు పూసి పాతుతారు. ఆ పండుగ మూడు రోజులూ ఊరికి కట్టడి. పొలిమేర దాటి ఎవరూ పోరాదు. ఆఖరున నాలుగు దిక్కులా పొలి అన్నం చల్లి కట్టడి విప్పుతారు. విప్పేలోగా ఎవడన్నా దాటితే ఆ కీడు వాడికి తగలదట. వాడి ఇంట్లోని పసికూనకు తగులుతుందట. చిన్నప్పటి నుంచి విన్న మాట, అల్ ఐన్‌కు విమానం ఎక్కి వచ్చినంత మాత్రాన మరిచిపోయే మాట కాదు.

హన్మాండ్లు సొంత ఊరి బొడ్రాయి నీళ్ల కింద ఉంది. గోదావరి మీద పోచంపాడు ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన ఊళ్లలో వాళ్లదీ ఒకటి. పండుగనాడు బొడ్రాయికి మొదటి బిందె నీళ్లు పోసే ఇల్లు వాళ్లది. తాత పోశాడు, తండ్రి పోశాడు. హన్మాండ్లు వంతు వచ్చేసరికి గోదావరే వచ్చి పోసిపోయింది. ఆ సమయానికి అతను భివండీలో మగ్గం నడుపుతున్నాడు. కబురు అంది వచ్చి చూస్తే, తమ ఊరి వేపచెట్టు కొమ్మలో పడవ కట్టేసి ఉంది. రాయిని పెకిలించి, ముంపువాళ్లకు కట్టిన కొత్త కాలనీకి తీసుకుపోదామని కొందరు, పెకిలిస్తే అరిష్టమని కొందరు వాదించుకుంటూ ఉండగానే నీళ్లు వచ్చాయట. ఊరు సగం కాలనీకి ఎక్కింది, సగం బోధన్‌కో బొంబాయికో భివండీకో చెదిరింది.

దీని మీద హన్మాండ్లుకు ఒక సిద్ధాంతం ఉండేది. "ఎన్కట గూడ మనోళ్లు పోయిన్రు. వానలు లేనప్పుడు చెరుకు కొట్ట పోయిన్రు, మల్ల మొగులు జూసి తిరిగొచ్చిన్రు. బొడ్రాయి గుంజుకొచ్చేది. అది మునిగినంక పోయినోడు పోయినట్టే," అనేవాడు.

లచ్చన్న నవ్వేవాడు. "బొడ్రాయి లేక గాదు బావా, బువ్వ లేక పోయిన్రు."

"బువ్వ ఈడ లేదా? మరి లింబాద్రిగాడు ఎందుకు పోయిండు?"

అక్కడే వచ్చింది చిక్కు. అల్ ఐన్‌కు ముందుగా వచ్చినవాడు హన్మాండ్లు. డెబ్బై ఆరులో వచ్చాడు. తోటకు మనిషి కావాలని అర్బాబ్ అన్నప్పుడల్లా మునిగిన ఊరివాణ్నే పిలిపించాడు. లింబాద్రి వచ్చాడు, ఇంకో ఇద్దరు వచ్చారు, పోచన్న కాక వచ్చాడు, చివరకు భార్య గౌరవ్వ తమ్ముడు లచ్చన్న వచ్చాడు. రేకుల గదిలో జొన్నరొట్టె లేకపోయినా జొన్నరొట్టె గురించిన కబుర్లుండేవి. ఎవడైనా దగ్గితే అది ఏ ఇంటి దగ్గో చెప్పగలిగేవాళ్లు. హన్మాండ్లు ఒక మూల కూర్చుని వాళ్ల పోట్లాటలు వింటూ, ఊరు మళ్లీ మొలిచిందని లోలోపల మురిసిపోయేవాడు.

ఆ మురిపెం ఎక్కువ కాలం నిలవలేదు. దుబాయ్ రోడ్డు మీద శుక్రవారం శుక్రవారం బస్సులు, టాక్సీలు పెరిగాయి. బజారుకు పోయిన లింబాద్రి, కట్టడాల పనిలో తోటపని కన్నా ఎక్కువ ఇస్తారన్న కబురుతో తిరిగొచ్చాడు. నెల తిరక్కుండా దుబాయ్ పోయాడు. మిగతా ఇద్దరూ అతని వెనకే పోయారు. ఒక శుక్రవారం లింబాద్రి చూడవచ్చాడు, నల్లకళ్లద్దాలు పెట్టుకుని. నీడలో కూడా తీయలేదు. గడ్డి మడిలో కాలు వేసి కాలువలో పడ్డప్పుడు కూడా తీయలేదు. హన్మాండ్లు చెయ్యి ఇచ్చి లేపాడు గాని, లేచినవాడు తమ ఊరివాడిలా కనపడలేదు.

చెరుకు కొట్టబోయినప్పుడు ఆకలి తరిమింది. కాలనీకి ఎక్కినప్పుడు నీళ్లు తరిమాయి. ఇప్పుడు ఎవరు తరిమారని? అదే అతనికి అంతు పట్టలేదు. పొట్ట నిండినవాడు కూడా లేచిపోవడం హన్మాండ్లు తన జన్మలో మొదటిసారి చూస్తున్నాడు.

ఇంతలో అమీర్ జాన్ ఒక సంగతి మోసుకొచ్చాడు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో అతని చుట్టం ఒకడు గ్యారేజీ పెట్టాడు. కార్ల సొట్టలు తీసే పనికి మనిషి కావాలి. తోటలో పంపు చెడ్డప్పుడల్లా చెవి ఆనించి విని, ఎక్కడ తేడా వచ్చిందో చెప్పి బాగుచేసేవాడు లచ్చన్న, అతన్ని తీసుకుపోతానన్నాడు. అర్బాబ్ కూడా పో అన్నాడు. శనివారం పొద్దున్నే ప్రయాణం. ఆ రోజు రాకపోతే ఇంకొకణ్ని పెట్టుకుంటానని గ్యారేజీవాడి మాట.

లచ్చన్న కొత్త టెర్లీన్ చొక్కా, రెగ్జిన్ సంచి కొన్నాడు. హన్మాండ్లు బాగుందన్నాడు, చొక్కా గుడ్డ చేత్తో పట్టుకుని చూశాడు కూడా. మర్నాడే హఫీత్ కొండ దగ్గర రోడ్డుకోసం పగలగొట్టిన రాళ్లలో ఒకటి ఏరి చక్రాల బండిలో వేసుకొచ్చాడు.

గురువారం సాయంత్రం రాయి పాతారు. నవధాన్యాల్లో ఎనిమిది బజారులో దొరికాయి. తొమ్మిదోది దొరక్క, డబ్బాలో వచ్చే మొక్కజొన్న గింజలు నీళ్లు వంపి వేశారు. పోచన్న కాక పసుపు పూశాడు. గేటు దగ్గర, కాలువ దగ్గర, రెండు కంచెల దగ్గర సున్నం గీతలు పడ్డాయి. లచ్చన్న అదేదో తన ప్రయాణానికి ముందు బావ చేస్తున్న ముచ్చట అనుకుని పాయసం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

"ఇగ కట్టడి," అన్నాడు పోచన్న కాక, మూతి తుడుచుకుని.

లచ్చన్న చేతిలో గ్లాసు ఆగిపోయింది. "కట్టడా? ఎన్నొద్దులు కాకా?"

"మూడొద్దులు. ఆదారం మాపటికి విప్పుతం."

"శనారం పొద్దుగాల నేను పోవాలె గద! బావా, నీకెర్కే గద!"

"ఒక్కరోజుకేమైతదిరా? గ్యారేజోడు ఆగుతడు తియ్యి," అన్నాడు హన్మాండ్లు, కాలువ వైపు చూస్తూ.

ఆగడని అతనికి తెలుసు. ఇంకోటి కూడా తెలుసు. ఇంటి దగ్గర లచ్చన్న భార్య కొమురవ్వ నెలలు నిండి ఉంది.

అర్బాబ్ వేలు సంగతి ఆ మర్నాటిది.

శనివారం తెల్లవారగానే అమీర్ జాన్ పికప్ గేటు బయట ఆగింది. లచ్చన్న తలకు నూనె రాసుకుని, టెర్లీన్ చొక్కా తొడుక్కుని గేటు దాకా వచ్చాడు. ముందు సంచిని బండిలోకి విసిరాడు. తరువాత తాను సున్నం గీత దగ్గర ఆగిపోయాడు. చెప్పుల ముందు అంచు గీతకు తగులుతోంది గాని దాటలేదు.

"ఆజా యార్!" అమీర్ జాన్ హారన్ కొట్టాడు.

"ఎట్ల రావాలె భాయ్? కట్టడి ఉన్నది."

"క్యా హై?"

"బాహర్ నహీఁ జానా."

"కర్ఫ్యూ?" అమీర్ జాన్ రోడ్డుకు అటూ ఇటూ చూశాడు. పోలీసులెవరూ లేరు. గాడిద ఒకటి ఉంది. బండి దిగి వచ్చి లచ్చన్న చెయ్యి పట్టుకుని లాగాడు. చెయ్యి భుజం దాకా బయటికి వచ్చింది, కాళ్లు లోపలే ఉండిపోయాయి. అలా వాలుగా నిలబడే లచ్చన్న మెడ తిప్పి వెనక్కి చూశాడు.

బావ కాలువ మలుపు దగ్గర పార పట్టుకుని పూడిక తీస్తున్నాడు. అక్కడ పూడిక లేదు. పాతినవాడు అతనే గనుక, "పో రా, నేను జూస్కుంట," అంటే సరిపోయేది. నాలుక మీదికి వచ్చిన మాటే. హన్మాండ్లు పారతో ఇంకో దెబ్బ వేశాడు.

అమీర్ జాన్ చెయ్యి వదిలేశాడు. "పాగల్ లోగ్," అని నవ్వి బండెక్కాడు. రెగ్జిన్ సంచికి కట్టడి లేదు గనుక అది షార్జా పోయింది.

సంచి తిరిగొచ్చేసరికి రెండు వారాలు పట్టింది. తెచ్చినవాడు అమీర్ జానే గాని, డ్రైవరు పని మానేసి తెచ్చాడు. ఖాళీ ఉంది కదా, నువ్వే చేరిపో అన్నాడట చుట్టం. లచ్చన్న సంచి విప్పి చొక్కాలన్నీ దులిపి, మళ్లీ మడిచి పెట్టుకున్నాడు. బావను ఒక్క మాటా అనలేదు. ఆ రోజు పంపు ఆగిపోతే మాత్రం చెవి ఆనించి వినలేదు. రెంచితో నాలుగు బాదాడు.

అనుకున్న ఆదివారం కట్టడి విప్పలేదు. బొడ్రాయికి ఒంటెను కట్టేశాక మైల పడ్డట్టా, కాదా అని పోచన్న కాకకు సందేహం వచ్చింది. మంచిరోజు చూసి విప్పుదామని హన్మాండ్లు ఆ సందేహాన్ని భద్రంగా దాచిపెట్టాడు. కాని ఉల్లిగడ్డలు అయిపోయాయి. అప్పుడు కాక బాగా ఆలోచించి, పొద్దు గూకేలోగా తిరిగొస్తే దాటినట్టు కాదని తేల్చాడు. ఉల్లిగడ్డలకు లేదు, మిరపకాయలకు లేదు, పక్క తోటలో టీవీకి లేదు. కట్టడి మిగిలింది ఒక్క షార్జాకే. అది తెలియనంత అమాయకుడు కాదు లచ్చన్న. అయినా ఇంటి దగ్గర కొడుకు పుట్టాడు, పసివాడు. నమ్మకం లేకపోయినా భయం ఉంది.

హన్మాండ్లు రోజూ పొద్దున్నే కాలువ నుంచి బిందెడు నీళ్లు తెచ్చి రాయి మీద పోసేవాడు. ఇంటి ఆచారం తప్పకూడదు కదా. ఒంటె ఆ నీళ్లు నాకేది.

సాయంత్రాలు అర్బాబ్ వచ్చి రాయి పక్కన చాప పరుచుకుని కూర్చునేవాడు. ఆయన తండ్రి ఇసుకలో బావి నుంచి బావికి తిరిగినవాడు. తాను తోటలో నిలిచాడు. కొడుకులు గవర్నమెంటు కట్టించిన సిమెంటు ఇళ్లకు పోయారు, వాళ్లలో ఇద్దరు అప్పుడే అబూధాబీ ఆఫీసుల్లో ముదీర్లు, అంటే మేనేజర్లు అయ్యారు. ముసలాయన ఆ సంగతులన్నీ అరబ్బీలో చెప్పేవాడు. హన్మాండ్లు లింబాద్రి గురించి, కళ్లద్దాల గురించి తెలుగులో చెప్పేవాడు. ఒకరి మాట ఒకరికి ముక్క తెలియదు. సరిగ్గా తల ఊపాల్సిన చోటే ఇద్దరూ తలలు ఊపుకునేవాళ్లు.

అలాంటి రోజుల్లో గౌరవ్వ గొంతు క్యాసెట్‌లో వచ్చింది. సెలవుకు పోయిన వాళ్లెవరో పట్టుకొచ్చారు. టేప్ రికార్డరు చుట్టూ ముగ్గురూ కూర్చున్నారు. మొదట మేకలు అరిచాయి, తరువాత గౌరవ్వ గొంతు సవరించుకుంది.

"నేను మంచిగున్న. మీరు మంచిగున్నరనుకుంట. కాలనీల బొడ్రాయి నిలవెట్టిన్రు మొన్న. మూడొద్దులు మస్తు జేసిన్రు, మూడోనాడు పొలి చల్లి కట్టడి గూడ ఇప్పిన్రు. ఇప్పంగనే పొద్దుగాల బస్సుల సగం ఊరు బొంబైకి పోయింది. ఇండ్లకు తాళాలే ఉన్నయి. బొడ్రాయికి నీళ్లు వొయ్యనీకి నేను, ఇద్దరు ముసలోళ్లు, గంతే. మా తమ్మునికి షార్జల మంచి పని దొరికిందంటివి, చేరిండా? కొమురి అడుగుతాంది."

హన్మాండ్లు చెయ్యి చాచి శబ్దం తగ్గించాడు. తగ్గించడానికి ఆలస్యమైపోయింది. లచ్చన్న లేచి బయటికి పోయి ఒంటె పక్కన నిలబడ్డాడు. పోచన్న కాక ఈసారి నిజంగానే గిన్నె తెచ్చుకుని తోమాడు.

బొడ్రాయి ఉన్నా పోతారన్నమాట. కట్టడి విప్పిన మర్నాడే, అదీ సగం ఊరు. అతని సిద్ధాంతం మేకల అరుపుల మధ్య అలా కూలిపోయింది. ఇక రాయి పీకి పారేసి, పో రా అనవచ్చు. అందామని మర్నాడు అనుకున్నాడు. ఆ తరువాతి వారం అనుకున్నాడు. ఆ ఏడు పోచన్న కాక నడుం నొప్పితో ఇంటికే వెళ్లిపోయాడు. ఇక మిగిలింది లచ్చన్న ఒక్కడే. ఒక్కడే మిగిలినప్పుడు ఆ మాట నోటికి రావడం మరీ కష్టమైంది.

మనిషి చేయలేని పని ఒంటె చేసింది.

రోడ్డు వెడల్పు చేయడానికి తోట గోడ పక్కకు బుల్డోజరు వచ్చిన రోజు అది. పెద్ద చప్పుడు కాగానే ఒంటె బెదిరి ఒక్క గుంజు గుంజింది. మూడేళ్లు రోజుకో బిందె నీళ్లు తాగిన మట్టి, రాయిని ఎందుకు పట్టుకుంటుంది? బొడ్రాయి పన్ను ఊడినట్టు ఊడి వచ్చింది. ఒంటె గేటు దాటింది, సున్నం గీత ఉన్న చోటు దాటింది, దుబాయ్ రోడ్డెక్కింది. వెనకాల తాడుకు బొడ్రాయి, దొర్లుకుంటూ, ఎగురుకుంటూ, అక్కడక్కడ నిప్పురవ్వలు రాలుస్తూ పోతోంది.

హన్మాండ్లు లుంగీ ఎగ్గట్టి పరుగెత్తాడు. లచ్చన్న వెనక పరుగెత్తాడు. కార్లు హారన్లు కొట్టాయి. ఒక కారులోంచి ఎవరో "యల్లా, యల్లా!" అని ఉత్సాహపరిచారు, ఎవర్నో తెలియదు. పరుగెత్తి పరుగెత్తి లచ్చన్న రోడ్డు పక్కన కూలబడి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్ల నీళ్లు వచ్చాయి. నీళ్లు వచ్చాక నవ్వు ఆగింది గాని నీళ్లు ఆగలేదు.

"బావా," అన్నాడు ఎగశ్వాసతో, "బొడ్రాయే దుబాయ్‌కి పోతాంది గద బావా. ఇగ నాకేం కట్టడి?"

పెట్రోలు పంపు దగ్గర, రోడ్డు మధ్యన మున్సిపాలిటీవాళ్లు కొత్తగా నాటిన మొక్కలు తింటూ ఒంటె దొరికింది. తోట నుంచి చక్రాల బండి తెచ్చి రాయిని అందులో వేశారు. వెనక్కి లచ్చన్నే తోశాడు. దారి పొడవునా హన్మాండ్లు బండి అంచు పట్టుకుని నడిచాడు, సాయం చేస్తున్నట్టు. రాయిని మళ్లీ పాతలేదు. గేటు పక్కన గోడకు ఆనించి పెట్టాడు.

మూడోనాడు లచ్చన్న రెగ్జిన్ సంచి పట్టుకుని షార్జా పోయాడు. అప్పటికి అమీర్ జాన్ ఆ గ్యారేజీలో సగం వాటాదారు. చూడగానే కావలించుకుని చాయ్ తెప్పించాడు గాని, పనివాళ్లు నిండుగా ఉన్నారు. వచ్చే నెల చూద్దామన్నాడు. వచ్చే నెలలు కొన్ని గడిచాయి. లచ్చన్న దుబాయ్ పోయి సిమెంటు పనిలో పడ్డాడు. ఒక సైటు నుంచి ఇంకో సైటుకు, ఒక క్యాంపు నుంచి ఇంకో క్యాంపుకు మారాడు. పోయినచోటల్లా ఇంకోచోట మెరుగని విన్నాడు.

తోటలో హన్మాండ్లు ఒక్కడే మిగిలాడు. ఒంటె చచ్చిపోయింది. దాని వెనకే అర్బాబ్ కొడుకుల ఇంటికి పోయి, మళ్లీ తోటకు రాలేదు. చుట్టుపక్కల అందరూ బోర్లు వేయడంతో కాలువ సన్నబడింది, బోరు నీళ్లు ఉప్పెక్కాయి. నోట్లో పోసుకుంటే తెలిసేది. పొద్దున్నే గోడకు ఆనిన రాయి ముందు నిలబడి, బిందె చేతిలో పట్టుకుని, ఉప్పునీళ్లు పోయవచ్చునో లేదో తెలియక తిరిగొచ్చేవాడు. ఒక్కోసారి అక్కడ నిలబడి, "లచ్చన్నను ఇటు తోలు, వాన్ని మల్ల తోలు," అని గొణిగేవాడు. రాయితో మాట్లాడుతున్నట్టు ఎవరూ చూడలేదు. చూడటానికి అక్కడ ఎవరూ లేరు.

రాయి మాట విన్నదో, చమురు ధర పడిందో గాని, ఎనభై ఆరులో సైట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. లచ్చన్న పనిచేస్తున్న మేడ నాలుగో అంతస్తు దగ్గర నిలిచింది. కంపెనీవాడు "ఖలాస్" అని చేతులు దులిపాడు. వచ్చినప్పుడు నగరాల వైపు పారిన మనుషులు ఇప్పుడు వెనక్కి పారారు. తోటల్లో పని దొరుకుతుందేమోనని అడుగుతూ గేటు గేటుకూ తిరిగారు. ఒక మధ్యాహ్నం హన్మాండ్లు గేటు తీస్తే ఎదురుగా లచ్చన్న. చేతిలో అదే రెగ్జిన్ సంచి, జిప్పు పోయి తాడుతో కట్టి ఉంది. జుట్టు పలచబడింది. మాట కన్నా ముందు దగ్గు వచ్చింది. సిమెంటు దగ్గు. అది వాళ్ల ఇంటి దగ్గు కాదు.

హన్మాండ్లు ఇన్నేళ్లూ కోరుకున్నది ఇదే. గేటు తీయగానే వాడు కనపడాలని. కనపడ్డాడు. సంచి అందుకున్నాడు. తరువాత లోపలికి పిలిచి అన్నం పెట్టాడు. లచ్చన్న తింటుంటే ఎదురుగా కూర్చుని చూడలేక, లేచి పంపు దగ్గరికి పోయి, బాగానే నడుస్తున్న పంపును ఆపి, మళ్లీ నడిపించాడు.

అర్బాబ్ పెద్దకొడుకు తోట అమ్మే ఆలోచనలో ఉన్నాడు. అమ్మేదాకా ఇద్దరూ ఉండవచ్చన్నాడు. ఎండిన మట్టలు కొట్టడం, ఉన్న చెట్లకు ఉన్న నీళ్లు పెట్టడం, అంతే పని.

ఒక శుక్రవారం అమీర్ జాన్ పాత స్నేహితులను చూడటానికి వచ్చాడు. కొత్త పికప్. తెల్లని తలుపు మీద నీలం అక్షరాల్లో అతని పేరు, కింద గ్యారేజీ పేరు. ఖర్జూరాలు అడిగి తీసుకున్నాడు, గోడకు ఆనిన రాయిని చూసి, "అరే, తుమ్హారా కర్ఫ్యూ!" అని పకపకా నవ్వాడు, లచ్చన్న వీపు చరిచాడు. మంచిమనిషి, ఏ చెడూ తలపెట్టి అనలేదు. లచ్చన్న కూడా నవ్వాడు. బండి పోయి, దుమ్ము అణిగాక కూడా గేటు దగ్గరే నిలబడి, సున్నం గీత ఉండిన చోట చెప్పుతో మట్టి గీస్తూ ఉండిపోయాడు.

హన్మాండ్లు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఇన్నేళ్లలో ఒక్కసారీ అనని మాట అప్పుడు అన్నాడు లచ్చన్న. కోపంగా కూడా కాదు, అలసటగా.

"నువ్వు గా రాయి పాతకుంటే గా బండి మీద నా పేరు ఉంటుండె బావా."



"ఉంటుండె రా లచ్చన్నా, మరి పొద్దుగాల లేస్తే ఈడ నేనెవన్ని పేరు వెట్టి పిలుస్తుంటి?"